కారం – తిమ్మిరి – కమ్మదనం: చైనా రుచి పదాల అధ్యయనానికి తెలుగు నుడికారపు చారిత్రక భూమిక

వ్యాససంగ్రహం: ఆహారపు రుచిని చెప్పే చైనా పదాలను తెలుగువారు సాధారణంగా ఇంగ్లీషు అర్థాల ద్వారా నేర్చుకుంటున్నారు. ఈ మార్గంలో రెండు భాషలకూ ఉన్న దగ్గరి పోలికలు కనుమరుగవుతున్నాయి. రుచి పదానికి నిఘంటువులోని అర్థం కంటే, అది ఏ వస్తువును ఆశ్రయించి పుట్టింది, ఆ వస్తువు ఎప్పుడు మారింది అన్న చరిత్రే అసలైన అర్థమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కారం, మిరియం, మిరప అనే మాటల ప్రయాణాన్ని చైనాలోని సమాంతర మాటలతో పోల్చి, కొయ్యూరు పరిసర మన్యానికి ఈ చరిత్రలో ఉన్న స్థానాన్ని పరిశీలిస్తుంది.

కీలకపదాలు: షడ్రుచులు, పంచరుచులు, కారం, మిరప, రచ్చమాను, తిమ్మిరి, కమ్మదనం, కొయ్యూరు మన్యం.

1. ప్రవేశిక

ఒక భాషలోని రంగుల పేర్లను మరో భాషలోకి తెచ్చుకోవడానికి ఆ రంగును చూపిస్తే చాలు. రుచి విషయంలో ఆ సౌకర్యం లేదు. రుచిని చూపించడం కుదరదు, తినిపించాలి. తినిపించినా, తిన్నవాడు తన భాషలో ఇదివరకే ఉన్న గడుల్లోనే ఆ అనుభవాన్ని సర్దుకుంటాడు. అందుకే పరభాషా పదజాలంలో రుచికి సంబంధించిన మాటలు సంఖ్యలో తక్కువే అయినా నేర్చుకోవడానికి కష్టమైనవి.

వైద్యవిద్య కోసం చైనా వెళ్లిన తెలుగు విద్యార్థులకు అక్కడి ఆసుపత్రుల్లో రోగులతో మాట్లాడటానికి ఆ భాష అవసరమైంది. హైదరాబాదులోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలోనూ చైనా భాషాబోధన ఉంది. అయితే ఈ అభ్యాసమంతా ఇంగ్లీషు మాధ్యమంగా సాగుతుంది. చైనా మాటకు ఇంగ్లీషు అర్థం, ఆ ఇంగ్లీషు మాటకు తెలుగు అర్థం చెప్పుకోవడం అలవాటయింది. ఈ రెండంచెల దారిలో ఏం పోతుందో ఒక్క ఉదాహరణ చాలు. ఇంగ్లీషులో ‘హాట్’ అనే మాట వేడికీ కారానికీ ఒకటే. తెలుగులో వేడి వేరు, కారం వేరు. చైనా భాషలోనూ వేడికి ‘ఝ’, కారానికి ‘లా’ అని వేర్వేరు మాటలున్నాయి. తెలుగు, చైనా భాషలు స్పష్టంగా విడదీసిన రెండు అనుభవాలను మధ్యవర్తి భాష ఒకటిగా కలిపేస్తున్నది. కాబట్టి మధ్యవర్తి లేకుండా ఈ రెండు పదజాలాలను ఎదురెదురుగా నిలిపి చూడవలసి ఉంది. ఈ వ్యాసంలో చైనా మాటలను ఉచ్చారణకు వీలైనంత దగ్గరగా తెలుగు లిపిలో ఇవ్వడం జరిగింది.

2. ఆరు, ఐదు: రెండు జాబితాలు

తెలుగువారికి రుచులు ఆరు. చరకసంహిత చెప్పిన మధుర, ఆమ్ల, లవణ, కటు, తిక్త, కషాయ రసాలే తెలుగులో తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు అయ్యాయి. ఉగాది పచ్చడి ఈ జాబితాను ఏటా ఒకసారి ఇంటింటా వల్లె వేయిస్తుంది. చైనాలో రుచులు ఐదు. ప్రాచీన గ్రంథమైన షాంగ్ షూలోని ‘హోంగ్ ఫాన్’ అధ్యాయం ఉప్పు, చేదు, పులుపు, కారం, తీపి అనే ఐదింటిని నీరు, అగ్ని, కాష్ఠం, లోహం, మట్టి అనే ఐదు మూలధాతువులతో జతచేసింది. ఆయుర్వేదం కూడా ప్రతి రసాన్నీ రెండేసి మహాభూతాల కలయికగా వివరించింది. రుచిని నాలుకకు సంబంధించిన విషయంగా మాత్రమే కాక సృష్టి నిర్మాణంలో భాగంగా చూడటం రెండు సంప్రదాయాలకూ సమానం.

తేడా వగరు దగ్గర వస్తుంది. చైనా భాషలో వగరుకు ‘సె’ అనే మాట ఉంది. పచ్చి కాయనో, ముదురు తేనీటినో వర్ణించేటప్పుడు ఆ మాట వాడుకలో వినిపిస్తుంది. కానీ ప్రామాణికమైన ఐదింటిలో దానికి చోటు దక్కలేదు. అంటే అనుభవం ఉంది, పేరు ఉంది, హోదా లేదు. ఈ విషయం కీలకమైనది. ఒక భాషలోని రుచుల జాబితా ఆ జాతి నాలుకకు తెలిసిన రుచులన్నిటి లెక్క కాదు. శాస్త్రం గుర్తించి పీట వేసినవాటి లెక్క మాత్రమే. తెలుగు షడ్రుచుల విషయంలోనూ ఇది నిజమే. చప్పన, ఘాటు, వెగటు, కమ్మదనం, జిల ఈ ఆరింటిలో లేవు. అవి లేకుండా తెలుగు వంటింట్లో ఒక్క పూట గడవదు.

జాబితాలోని మాటలు కూడా నిలకడగా లేవు. చైనా ప్రాచీన పంచరుచుల్లో తీపికి ‘కాన్’, కారానికి ‘షిన్’ అని పేర్లు. నేటి వాడుకలో పంచరుచులను చెప్పమంటే తీపికి ‘థ్యెన్’ అనీ, కారానికి ‘లా’ అనీ అంటారు. షిన్ అనే పాత మాట వైద్యంలోనూ సమాసాల్లోనూ మిగిలింది. షిన్‌కు చేదును సూచించే ‘ఖు’ చేరితే ‘షిన్‌ఖు’ అవుతుంది. శ్రమ, కష్టం అని దాని అర్థం. నోటి నుంచి తప్పుకున్న రుచి జీవితంలోకి వెళ్లి స్థిరపడింది. చేదు అనుభవం, తియ్యని మాట, ఉప్పు తిన్న విశ్వాసం అనే తెలుగు పలుకుబళ్ల దారీ ఇదే.

3. కారం: ఒక మాట ప్రయాణం

తెలుగు రుచి పదాలు ఆరింటిలో తీపి, పులుపు, ఉప్పు, చేదు, వగరు దేశ్యాలు. పులుపుకు తమిళంలో పుళి, కన్నడంలో హుళి సోదర పదాలు. ఉప్పు మూడు భాషల్లోనూ ఉప్పే. వగరుకు కన్నడంలో ఒగరు ఉంది. ఈ దేశ్యాల మధ్య కారం ఒక్కటే సంస్కృత ‘క్షార’ శబ్దం నుంచి వచ్చింది. తెలుగువారి నాలుకకు గుర్తుగా లోకం చెప్పుకొనే రుచికే పరాయి పేరు ఉండటం, పైగా ఆ పేరుకు మూలభాషలో వేరే అర్థం ఉండటం ఆలోచింపజేస్తుంది.

క్షారం అంటే బూడిద నుంచి, చవిటి మట్టి నుంచి తీసిన తినివేసే గుణం గల లవణం. సంస్కృత షడ్రసాల్లో మిరియం, శొంఠి రుచికి పేరు కటువు, క్షారం కాదు. క్షారశబ్దం తెలుగులోకి వచ్చాక ‘తినివేసేది, కొరికేది’ అనే గుణాన్ని నిలుపుకొని, లవణం అనే వస్తువును వదిలేసి, కటురసానికి పేరైంది. ఈ మార్పుకు సాక్ష్యం తెలుగులోనే మిగిలి ఉంది. కంసాలి వాడే వెలిగారంలోనూ, మందుగుండుకు వాడే సురేకారంలోనూ ఉన్న కారానికి మిరపతో సంబంధం లేదు. అవి పాత క్షారాలే. వృత్తి పదజాలం పాత అర్థాన్ని దాచుకొంది, వంటింటి పదజాలం కొత్త అర్థాన్ని స్వీకరించింది.

ఉత్తరభారత భాషల్లో ఇదే శబ్దం మరో దారి పట్టింది. హిందీలో ‘ఖారా’ అంటే ఉప్పదనం. హైదరాబాదు బేకరీల్లోని ఖారా బిస్కెట్లు ఉప్పటివి; తెలుగిళ్లలోని కారప్పూస కారమైనది. ఒకే క్షారం ఒక చోట ఉప్పుగానూ మరో చోట కారంగానూ స్థిరపడింది. అలాగే సంస్కృత కటుశబ్దం హిందీలో ‘కడవా’గా మారి చేదును సూచిస్తున్నది. సంస్కృతం నుంచి వచ్చిన మాట కాబట్టి సంస్కృతార్థమే ఉంటుందని రుచి పదాల విషయంలో అనుకోవడానికి వీల్లేదు. దేశం మారితే మాట వెంట నాలుక మారుతుంది.

నేటి తెలుగులో కారం మరో అడుగు ముందుకు వేసింది. అది గుణం పేరు మాత్రమే కాదు, వస్తువు పేరు కూడా. ‘కూరలో కారం ఎక్కువైంది’ అన్నప్పుడు గుణం. ‘అర కిలో కారం పట్టించాలి’ అన్నప్పుడు మిరపపొడి. వస్తువు నుంచి గుణానికి వెళ్లిన మాట తిరిగి మరో వస్తువు దగ్గరకు వచ్చి ఆగింది. ఈ రెండో వస్తువు చరిత్ర మరీ పాతది కాదు.

4. మిరప రాక: పాత పేరు, కొత్త కాయ

మిరప అమెరికా ఖండపు పంట. పోర్చుగీసు వర్తకం ద్వారా 16వ శతాబ్దంలో భారత తీరానికి చేరింది. అంతకు ముందు తెలుగువారి కారానికి ఆధారం మిరియం, అల్లం, శొంఠి, పిప్పలి, ఆవాలు. గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనంలో సుంకం విధించిన సరుకుల్లో మిరియాలున్నాయి. చీనా కర్పూరమూ ఉంది. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువుకు తగిన భోజనం పెడతాడు. అక్కడి శీతకాలపు వంటకాల్లో చురుక్కుమనేది మిరియపు పొడే, మిరపపొడి కాదు. ఇప్పటి పాఠకుడు ప్రాచీన కావ్యంలో కారం అన్న మాట చూడగానే ఎర్రని రంగును ఊహిస్తాడు. ఆనాటి కారం రంగు నలుపు.

కొత్త కాయ వచ్చినప్పుడు దానికి కొత్త పేరు రాలేదు. మిరియం పేరునే సాగదీసి మిరపకాయ అన్నారు. తమిళంలో మిళగు నుంచి మిళగాయ్, కన్నడంలో మెణసు నుంచి మెణసినకాయి ఏర్పడ్డాయి. దక్షిణాది భాషలు మూడూ ఒకే పద్ధతిని అనుసరించాయి: పాత కారపు గింజ పేరుకు ‘కాయ’ చేర్చి కొత్త వస్తువును సొంతం చేసుకున్నాయి.

చైనాలో జరిగిందీ ఇదే. అక్కడి పాత కారపు గింజ ‘హ్వాచ్యావ్’. నాలుకకు తిమ్మిరి ఎక్కించే ఒక ముళ్ల చెట్టు కాయ. ‘చ్యావ్’ అనేది ఇలాంటి గింజలకు సామాన్యనామం. భారతదేశం వైపు నుంచి వెళ్లిన మిరియానికి ‘హూచ్యావ్’ అని పేరు పెట్టారు. పడమటి పరదేశీయుల చ్యావ్ అని అర్థం. సముద్రం మీదుగా మిరప వచ్చాక ‘ఫాన్‌చ్యావ్’, అంటే విదేశీ చ్యావ్ అన్నారు. 1591లో కావ్ ల్యెన్ అనే రచయిత తన గ్రంథంలో ఈ పేరుతోనే మిరపను ప్రస్తావించాడు. ఆ తరువాత అది ‘లాచ్యావ్’, అంటే కారపు చ్యావ్ అయింది. విదేశీ అనే విశేషణం పోయి కారం అనే విశేషణం రావడమే ఆ కాయ స్వదేశీ అయిన చరిత్ర.

పిప్పలి మాటేమిటి? చైనా భాషలో దాని పేరు ‘పీపో’. సంస్కృత పిప్పలీ శబ్దమే వస్తువుతో పాటు ప్రయాణించి అలా మారింది. తీపి విషయంలోనూ ఇలాంటి ప్రయాణం ఉంది: క్రీ.శ. 647లో థాంగ్ చక్రవర్తి చెరకు నుంచి చక్కెర తీసే విద్య నేర్చుకోవడానికి మగధకు మనుషులను పంపినట్లు చైనా చరిత్రలు చెబుతున్నాయి. ఎదురు దిక్కున వచ్చిన మాటలూ ఉన్నాయి. రాయలసీమలో బత్తాయిని చీనీకాయ అంటారు. టీ, చాయ్ అని తెలుగువారు వాడే రెండు మాటలూ చైనావే. మొదటిది దక్షిణ చైనా రేవుల ఉచ్చారణ ఓడ మీద వచ్చినది, రెండోది భూమార్గంలో పారశీకం మీదుగా వచ్చినది. కాబట్టి చైనా రుచి పదాల అధ్యయనం తెలుగువారికి పూర్తిగా కొత్త గడప కాదు.

మిరప చైనాలో మొదట పెరటి అందానికి పెంచిన మొక్క. దాన్ని ఆహారంగా వాడినట్లు చెప్పే తొలి ఆధారాల్లో ఒకటి నైరుతి చైనాలోని క్వెయ్‌చౌ ప్రాంతానికి చెందినది. 1721 నాటి ఒక జిల్లా వృత్తాంతం అక్కడి మ్యావ్ గిరిజనులు ఉప్పుకు బదులుగా మిరపను వాడుతున్నారని నమోదు చేసింది. ఉప్పు గనులకూ సముద్రానికీ దూరమైన కొండల్లో ఉప్పు ఖరీదైనది. మిరప పెరట్లో పండేది. ఇప్పుడు ప్రపంచమంతా చైనా వంట అని మెచ్చుకొనే కారం కొండవాళ్ల లేమిలో మొదలైంది. రుచి చరిత్రలో కొండలకు ఉన్న ఈ స్థానం తెలుగు నేలను కూడా అదే దృష్టితో చూడమంటుంది.

5. కొయ్యూరు మన్యం: కారం సందేశమైన చోటు

నర్సీపట్నం దాటి పడమరగా కొండల్లోకి వెళితే కొయ్యూరు. ఒకప్పటి విశాఖపట్నం జిల్లాలోని ఈ మండలం 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. పొరుగున ఉన్న చింతపల్లి పేరులోనే పులుపు ఉంది. ఈ మన్యంలో చింతపండు, పసుపు, మిరియం, పిప్పలి వేరుగా అమ్మే మోడి సంత సరుకులు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనే అటవీ ఫలసాయంలో చింతపండుది పెద్ద పీట. ఉప్పు మాత్రం సముద్రతీరం నుంచి సంతల దాకా ఎక్కి రావలసిందే. పులుపు, కారం, చేదు, వగరు కొండ ఇస్తుంది. ఉప్పు మైదానం ఇస్తుంది. రుచుల జాబితాను భూగోళం ఇలా రెండుగా పంచింది.

1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద వరుస దాడులతో మొదలైన మన్యం తిరుగుబాటు 1924 మే 7న కొయ్యూరులో సీతారామరాజును కాల్చి చంపడంతో తన నాయకుణ్ని కోల్పోయింది. ఈ ఉద్యమ చరిత్రలో ‘మిరపకాయ టపా’ ప్రసిద్ధం. దాడికి ముందుగా హెచ్చరిక పంపేటప్పుడు చీటీతో పాటు మిరపకాయలు కట్టి పంపేవారని చెప్పుకుంటారు. చీటీ చదవడానికి అక్షరం రావాలి. మిరపకాయ చదవడానికి నాలుక ఉంటే చాలు. కోపాన్ని, హెచ్చరికను, వెనక్కి తగ్గని తెగువను ఒక్క కాయ చెప్పగలగడానికి వెనుక భాషలో ముందే సిద్ధమైన సంకేతం ఉంది. ఒకరి మీద కోపంతో రగిలిపోవడాన్ని తెలుగులో ‘కారాలు మిరియాలు నూరడం’ అంటారు. ఈ జాతీయంలో మిరపకాయ లేదు, మిరియం ఉంది. మిరప రాకముందే కారం కోపానికి గుర్తయిందనడానికి ఈ పలుకుబడి ఆధారం కాగలదు. కొత్త కాయ పాత పేరుతో పాటు పాత కోపాన్నీ వారసత్వంగా పొందింది.

దాదాపు అదే కాలపు చైనాలోనూ ఈ సంకేతం కనిపిస్తుంది. ఎడ్గర్ స్నో 1937లో ప్రచురించిన గ్రంథంలో, మిరప తినే జనమే విప్లవకారులవుతారన్న సిద్ధాంతాన్ని మావో భోజన సమయంలో తన సొంత రాష్ట్రం హునాన్‌ను ఉదాహరణగా చూపి వినిపించినట్లు రాశాడు. స్నో దాన్ని సరదా సంభాషణగానే నమోదు చేశాడు. అయినా భాషాదృష్టితో చూస్తే అది యాదృచ్ఛికం కాదు. చైనా భాషలో ‘లా’ అనే మాట నాలుక కారంతో పాటు నిర్దాక్షిణ్యాన్ని, తీవ్రతను సూచించే సమాసాల్లోనూ ఉంది. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, రెండు భాషలూ మిరపకు ఒకే భావాన్ని అప్పగించాయి. ‘లా’ను నేర్చుకునే తెలుగు విద్యార్థికి మిరపకాయ టపాను మించిన అర్థవివరణ దొరకదు.

6. రచ్చమాను: చెట్టు ఉండి పేరు లేని రుచి

చైనా రుచి పదాల్లో తెలుగువారికి అన్నిటికంటే కొత్తగా తోచేది ‘మా’. స్చువాన్ రాష్ట్రపు వంటలకు ప్రాణమైన హ్వాచ్యావ్ నాలుక మీద వేసినప్పుడు కలిగే అనుభవానికి అది పేరు. అది తీపి కాదు, కారం కాదు. పెదవులు చిన్నగా కంపిస్తున్నట్టు, నాలుక మొద్దుబారుతున్నట్టు ఉంటుంది. 2013లో లండన్ పరిశోధకులు ఈ కంపనాన్ని కొలిచి, అది సెకనుకు సుమారు 50 ప్రకంపనల స్పర్శతో సమానంగా అనిపిస్తుందని తేల్చారు. మిరపతో కలిపితే ‘మాలా’ అనే జంటరుచి అవుతుంది. ఇంగ్లీషు పుస్తకాలు దీన్ని మొద్దుబారిన కారం అని వివరిస్తాయి.

తెలుగులో దీనికి నేరుగా సరిపోయే మాట ఉంది: తిమ్మిరి. చైనా భాషలో కాలు తిమ్మిరెక్కినా వాడే మాట ‘మా’నే. నాలుకకు, కాలికి ఒకే మాట వాడటం వారికి సహజం. తెలుగులో కాలికి తిమ్మిరి ఉంది, నాలుకకు వాడుక లేదు. చిమచిమ, జివ్వు, చుర్రు అనే అనుకరణ పదాలు దీని చుట్టుపక్కల తిరుగుతాయి గాని రుచి పదాలుగా పీట పొందలేదు.

రుచికి పేరు స్థిరపడలేదంటే వస్తువు తెలుగు నేల మీద లేదనుకోవచ్చు. ఆ ఊహ తప్పు. హ్వాచ్యావ్ చెట్టుకు దగ్గరి చుట్టం, అదే ప్రజాతికి చెందిన ముళ్ల చెట్టు ఒకటి తూర్పు కనుమల్లో ఉంది. కొంకణ తీరంలో తిర్‌ఫల్ అనే పేరుతో దాని కాయలను చేపల కూరల్లో వేస్తారు. దాని శాస్త్రీయనామంలోని రెండో భాగం ‘రెట్సా’. 18వ శతాబ్దం చివర సామర్లకోటలో ఉండి ఉత్తర సర్కారుల వృక్షాలను పరిశీలించిన విలియం రాక్స్‌బరో తెలుగువారి నోట విన్న పేరును అలాగే లాటిన్‌లో నిలిపాడు. పచ్చికాయ నారింజ తొక్కలా సువాసన గలదనీ, పండిన గింజ మిరియాన్ని పోలిన రుచి గలదనీ, ఈ చెట్టు నీడలో కొండవాళ్లు కూడి తమ ఊరుమ్మడి వ్యవహారాలు చర్చించుకుంటారనీ ఆయన రాశాడు. తెలుగులో రచ్చ అంటే ఊరిజనం కూడే చోటు. రాక్స్‌బరో రాసిన ‘రెట్సా’ను రచ్చగా చదివితే పేరు దానంతట అదే విప్పుకుంటుంది: ఇది రచ్చమాను.

ఈ వివరం రుచి పదజాల చరిత్రలో ఒక విచిత్రమైన స్థితిని బయటపెడుతుంది. చైనాలో ఈ జాతి చెట్టుకు కాయ రుచిని బట్టి గుర్తింపు వచ్చింది. ఆ రుచికి ఒక మాట స్థిరపడింది. ఆ మాట ఒక ప్రాంతపు వంటకు చిరునామా అయింది. తెలుగు కొండల్లో దానికి నీడను బట్టి, ఆ నీడలో కూడిన మనుషులను బట్టి పేరు వచ్చింది. చెట్టు సభకు గుర్తయింది, కాయ వంటింటికి చేరలేదు. లోకపు వృక్షశాస్త్రం తెలుగు మాటతో పిలుస్తున్న చెట్టు రుచికి తెలుగు నిఘంటువుల్లో ఆరోపం లేకపోవడం ఈ చరిత్రలోని లోటు.

7. కమ్మదనం, ష్యెన్

‘ష్యెన్’ అనే మాటను రాసే చైనా అక్షరంలో చేప గుర్తు, గొర్రె గుర్తు పక్కపక్కన ఉంటాయి. తాజాదనం దాని ఒక అర్థం. చేపల పులుసు, మాంసపు రసం, పుట్టగొడుగులు, లేత వెదురు కొమ్ములు ఇచ్చే నిండైన రుచి మరో అర్థం. 1908లో జపాను శాస్త్రవేత్త ఇకెదా కికునాయె సముద్రపు నాచు నుంచి గ్లుటమేట్‌ను వేరుచేసి ఉమామి అని పేరు పెట్టింది ఈ రుచికే. మరుసటి ఏడాది అది అజినోమోటో పేరుతో అమ్మకానికి వచ్చింది. తెలుగు పట్టణాల్లోని నూడుల్సు బండ్ల మీద ‘టేస్టింగ్ సాల్టు’ అనే పేరుతో కనిపించే తెల్లని పలుకులు అవే. వస్తువు వచ్చింది, దాని రుచిని చెప్పే మాట రాలేదు.

తెలుగులో ష్యెన్‌కు దగ్గరగా నిలవగలిగినది కమ్మదనం. అయితే కమ్మదనంలో సువాసన పాలు ఎక్కువ. నేతిని, కాచిన పాలను, వేయించిన పప్పును కమ్మన అంటారు. చైనా భాషలో ఆ పాలును ‘ష్యాంగ్’ అనే వేరొక మాట తీసుకుంటుంది. కాబట్టి కమ్మదనం ష్యాంగ్, ష్యెన్ రెండింటి మీదుగా పరుచుకున్న మాట. వంకాయలోనో గోంగూరలోనో ఎండురొయ్యలు వేసే తెలుగు వంటకత్తెకు ష్యెన్ చేతికి తెలిసిన విద్య. ఆ రొయ్యలు కూరకు రుచి తెస్తాయని ఆమె అంటుంది. ప్రత్యేకమైన మాట లేనిచోట సామాన్యమైన ‘రుచి’ అనే మాటే ఆ పని చేస్తున్నది.

మన్యంలో వానాకాలపు వెదురు కొమ్ములు కూర వండుకొనే ఆహారం. 1671లో లీ యూ అనే చైనా రచయిత కూరగాయల్లో వెదురు కొమ్ములకే అగ్రస్థానం ఇచ్చి, వాటి గొప్పతనం ష్యెన్‌లో ఉందని విస్తరించాడు. ఒకే ఆహారం ఒక చోట రుచిశాస్త్రానికి ఉదాహరణ అయింది, మరో చోట సంతలో తట్ట సరుకుగా మిగిలింది. ఈ తేడా నాలుకల మధ్య లేదు. ఎవరి తిండి గ్రంథాలకెక్కింది అన్నదాంట్లో ఉంది.

నేర్చుకునేవారికి ఇక్కడ మరో చిక్కు ఉంది. ఉప్పదనానికి చైనా మాట కూడా ‘ష్యెన్’. రెండింటికీ అక్షరాలు వేరు, స్వరాలు వేరు. నిండురుచి ష్యెన్ సమంగా సాగే మొదటి స్వరం. ఉప్పు ష్యెన్ పైకి లేచే రెండో స్వరం. తెలుగు లిపి ఈ తేడాను చూపలేదు. ఉచ్చారణ లిపి మీద కాక చెవి మీద ఆధారపడి నేర్వవలసిన జంట ఇది.

8. నేర్చుకునే దారి

పై పరిశీలన నుంచి చైనా రుచి పదాలను తెలుగువారికి మూడు వర్గాలుగా అందించవచ్చు.

మొదటిది నేరుగా కుదిరేవి. తీపికి థ్యెన్, పులుపుకు స్వాన్, చేదుకు ఖు, వగరుకు సె, కారానికి లా, చప్పదనానికి తాన్. వెగటుకు ‘నీ’ అనే మాట చక్కగా సరిపోతుంది. నూనె, నెయ్యి, తీపి ఎక్కువై మొహం మొత్తించే గుణం రెండింటికీ అర్థం. నీచు వాసనకు ‘షింగ్’ సరిపోతుంది. తెలుగువారు ‘వేడి చేసింది’ అనే స్థితిని చైనీయులు ‘షాంగ్ హ్వొ’, అంటే నిప్పు పైకెక్కడం అంటారు. చలువ చేసే పదార్థం, వేడి చేసే పదార్థం అనే విభజన రెండు సమాజాల్లోనూ నిత్యవ్యవహారం. ఇంగ్లీషు మీదుగా వెళితే వివరణకు ఒక పేరా కావాలి; తెలుగు నుంచి నేరుగా వెళితే ఒక్క మాట చాలు.

రెండోది విభజన మారేవి. కమ్మదనం చైనాలో రెండవుతుంది. తెలుగులో ముక్కుకెక్కే ఘాటు వేరు, నోటిని మండించే కారం వేరు. చైనా భాషలోనూ ముక్కును, గొంతును పట్టేసే గుణానికి ‘ఛ్యాంగ్’ అనే వేరే మాట ఉంది. ఇలాంటి చోట మాటకు మాట చెప్పకుండా వస్తువులను చూపి చెప్పాలి: ఆవాలు, వెల్లుల్లి ఒక పక్క, మిరప మరో పక్క.

మూడోది తెలుగులో పీట లేనివి. మా, ష్యెన్ ఈ కోవకు చెందుతాయి. వీటికి తిమ్మిరి, నిండురుచి వంటి మాటలను పరిభాషగా స్థిరపరచుకోవడం అవసరం.

వ్యాకరణంలోనూ ఒక సౌలభ్యం ఉంది. తెలుగులో ‘పుల్లపుల్లగా’, ‘తియ్యతియ్యగా’ అంటే మితమైన, ఇంపైన రుచి. చైనా భాషలోనూ ‘స్వాన్‌స్వాన్’, ‘థ్యెన్‌థ్యెన్’ అని ద్విరుక్తి చేస్తే అదే మెత్తదనం, అదే ముద్దు వస్తుంది. పులుపుకారం వంటి ద్వంద్వానికి ‘స్వాన్‌లా’ ఉంది. ఆమ్రేడితం, సమాసం తెలిసిన తెలుగు విద్యార్థికి ఇవి కొత్త సూత్రాలు కావు.

9. ముగింపు

తెలుగు కారం బూడిద లవణం నుంచి మిరియం మీదుగా మిరపకు చేరింది. చైనా లా హ్వాచ్యావ్, హూచ్యావ్‌ల మధ్య నుంచి లాచ్యావ్‌కు చేరింది. ఒకే అమెరికా కాయ రెండు ప్రాచీన పదజాలాలను దాదాపు ఒకే కాలంలో, ఒకే పద్ధతిలో సవరించింది. ఈ చరిత్ర తెలిసినవారికి చైనా రుచి పదం అర్థాల పట్టికలోని అంశంగా కాక, తమ మాటకు దూరపు బంధువుగా కనిపిస్తుంది.

అధ్యయనం బయటపెట్టిన రెండో విషయం తెలుగు నిఘంటుకారులకు సంబంధించినది. షడ్రుచుల జాబితా శాస్త్రం ఇచ్చినది. దానికి వెలుపల ఉన్న రుచి పదాలు జనం నోట ఉన్నవి. కొయ్యూరు, చింతపల్లి వంటి చోట్ల గిరిజనులకు అడవి దుంపల చిమచిమకు, వెదురు కొమ్ముల చేదుకు, పొద్దు పోయేకొద్దీ తీపి నుంచి పులుపుకు, పులుపు నుంచి ఘాటుకు మారే జీలుగు కల్లుకు ఉన్న మాటలను సేకరించి అర్థవివరణతో నిఘంటువుల్లో చేర్చవలసి ఉంది. రచ్చమాను విషయంలో జరిగినట్టు చెట్టు పేరు పరభాషా గ్రంథాల్లో నిలిచి, దాని రుచి పేరు సొంత భాషలో లేకుండా పోవడం మరోసారి జరగకూడదు. పరభాషలో రుచిని నేర్చుకోవాలంటే ముందుగా సొంత భాషలోని రుచుల లెక్క పూర్తి కావాలి. ఆ లెక్క ఆరు దగ్గర ఆగిపోలేదు.